నిషిద్ధాచరణమునకు ఆంగ్లమునందలి పేర్లు – వాని పుట్టుపూర్వోత్తరములు

చేయరాని పనికిని, చేసినవానికిని పేరు పెట్టని భాష లేదు. ఆంగ్లమున నట్టి పేర్లు మిక్కిలి విరివి. క్రైమ్, ఫెలొనీ, విలన్, టాబూ, థగ్, డెకాయిటీ మున్నగునవి ఎంతో కాలముగా మన కచేరీలలోను, న్యాయస్థానములలోను, వార్తాపత్రికలలోను వినవచ్చుచున్నవి. అర్థ మెఱిగి వాడువారు పెక్కురు. జన్మవృత్తాంతమును విచారించువా రరుదు. విచారించినచో నొక విశేషము కానవచ్చును. ఈ పదములలో కొన్ని పనినిబట్టి పుట్టినవి. కొన్ని నిందమోపువాని నోట పుట్టినవి. మఱికొన్ని, చేసినవాని కులమునుబట్టియు, పేదఱికమునుబట్టియు, తావునుబట్టియు పుట్టినవి. ఈ కడపటి తెగ పదములవలన రాష్ట్రేతర ప్రాంతములలోని తెలుగు కుటుంబములు కొన్నింటికి కలిగిన యవస్థ నేటికిని పూర్తిగా తీరలేదు. ప్రవాసాంధ్రుల సంచికలో ఆంగ్లపదముల చర్చ యేల యని పాఠకు లడుగుదు రేని, దానికి సమాధానము వ్యాసము నడచినకొలది దొరకును.

మొదట పనిని చెప్పు మాటలు. 'రాంగ్' అనునది ఉత్తరదేశపు నావికులతో ఇంగ్లండునకు వచ్చినది. ప్రాచీన నార్సు భాషలో దానికి వంకరయైనది, మెలిపడినది అని యర్థము. తడిబట్టను మెలిపెట్టి పిండుటను చెప్పు ఆంగ్లక్రియ దీనికి జ్ఞాతి. దీనికి ప్రతికోటియైన 'రైట్' అనగా తిన్ననిది. న్యాయవాదులు నిత్యము వాడు 'టార్ట్' అను పదమును ఇట్టిదే. లాటిను భాషలో మెలిత్రిప్పబడినది అని దాని యర్థము. మనము మంచి నడతను ఋజువర్తన మనుచున్నాము. చెడ్డబుద్ధిని వంకరబుద్ధి యనుచున్నాము. త్రాడు పేనిన చేతులును, నాగలిచాలు తోలిన చేతులును ఏ దేశమున నైనను ఒకటియే గదా! ఇక 'ట్రెస్‌పాస్', 'ట్రాన్స్‌గ్రెషన్' అను రెండును దాటుటను చెప్పును. సంస్కృతమున అతిక్రమణమును, తెలుగున హద్దు మీఱుటయు ఆ భావమునే కలిగియున్నవి. 'ట్రెస్‌పాస్' అనునది పూర్వము సకలవిధములైన అపచారములకును చెల్లెడిది. క్రైస్తవుల ప్రార్థనలో నా విశాలార్థము నిలిచినది. లోకవ్యవహారమున మాత్ర మది కుదించుకొని పోయి, తోట వాకిట పలకమీద పరుల భూమి త్రొక్కరాదని చెప్పు మాటగా మిగిలినది.

గ్రీకు భాషలో పాపమునకు వాడు 'హమర్టియా' యను మాటకు బాణము గుఱి తప్పుట మూలార్థము. క్రొత్తనిబంధన గ్రంథమున పాపమునకు వాడిన పద మిదియే. అమరకోశము వల్లించినవారికి 'అపరాద్ధపృషత్కుడు' జ్ఞప్తికి వచ్చియే తీరును. వాడు బాణము లక్ష్యమునుండి జాఱిన విలుకాడు. అపరాధమను మాట అచ్చటిదే. తెలుగునకు వచ్చినచో నింత శ్రమయు నక్కఱలేదు. 'గుఱి తప్పినది' అని బాలుడు చెప్పునపుడు క్రియగా నున్న మాటయే, 'నాది తప్పు' అన్నపుడు నామ మగుచున్నది. మూడు భాషలును ఒకదానిచేత నొకటి చెప్పించుకొనక యే తప్పిన బాణమువద్దకు చేరినవి. గుఱి తప్పినవాడు మరల విల్లెత్తవచ్చును. ఈ పదములు పనిని నిందించునే కాని మనిషిని నిందింపవు.

'సిన్' అను మాట కథ వేఱు. ప్రాచీనాంగ్లమున అది 'సున్'కు దగ్గఱగా పలుకబడెడిది. జర్మనులో దాని తోబుట్టువు 'స్యుండె'. ఉనికిని తెలుపు ధాతువునుండి, అనగా మన 'అస్తి', 'సత్' అను రూపముల ధాతువునుండియే యిది పుట్టినదని భాషాశాస్త్రజ్ఞు లనేకులు తలంతురు. అపరాధి యను నర్థము గల లాటిను పదమును ఆ కోవలోనిదే. 'నిజముగా ఆ పని చేసినవాడు వీడే' యని తేల్చుటలో, 'అయియున్నవాడు' అను మాట అపరాధికి పేరయ్యెనట! సత్పురుషునకును పాపమునకును ఒకే ధాతువు చెప్పవలసి వచ్చుట నా తరగతిలోని పిల్లలకు నవ్వు పుట్టించు విషయము.

నిందమోపువాని నోట పుట్టిన మాటకు మేటి యుదాహరణము 'క్రైమ్'. లాటిను భాషలో 'క్రిమెన్' అనగా మొదట నేరము కాదు, నేరారోపణము. జల్లించుట, వేఱుచేయుట, నిర్ణయించుట అను నర్థములుగల ధాతువునుండి పుట్టినదని పండితుల యభిప్రాయము. చేటలో ధాన్యమును చెఱిగినట్లు నిజమును పొల్లునుండి వేఱుచేయు వ్యవహారమునకు సంబంధించిన పదము క్రమముగా ఆరోపణమునకు చెల్లి, పిదప ఆరోపింపబడిన పనికే పేరయ్యెను. ఆరోపణము ముందు, పని వెనుక! మనుష్యుల వ్యవహారములోను కొన్ని తావుల నిట్లే జరిగినదని ముందు చూడగలము.

ఇక మనిషి పుట్టుకనుబట్టి వచ్చిన పేర్లు. లాటినున 'విల్లా' యనగా పొలములతో కూడిన ఇల్లు. అచ్చట పనిచేయువాడు 'విల్లానుస్'. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప 1086లో వ్రాయించిన డూమ్స్‌డే లెక్కలలో కెల్ల నధికసంఖ్యాకులుగా కానవచ్చు జనులు వీరే. దొర భూమికి కట్టుబడిన కాపులు. కోటలో నుండువారు పొలములో నుండువానిని మోటవాడనిరి, మోటవాడు నీచుడయ్యెను, నీచుడు దుర్మార్గుడయ్యెను. నేడు మన సినిమాలలో మీసము మెలివేయు 'విలన్' మూలమున నొక బీదరైతు. 'నేవ్' అను తిట్టు మొదట పిల్లవాడను నర్థము కలది, పిదప సేవకుడు, ఆ పిదప మోసగాడు. పేకముక్కలలోని జాకీకి పాత యాంగ్లపు పే రిదియే. 'రెచ్' అను పదమునకు దేశభ్రష్టుడని మొదటి యర్థము. ఇంగ్లండులో దేశభ్రష్టుడు దౌర్భాగ్యుడును, నీచుడును అయ్యెను. అదే మూలమునుండి వచ్చిన జర్మను పదమునకు మాత్రము వీరుడని యర్థము. పొరుగుదేశములు రెండు ఒకే మనిషిని చూచిన చూపులలో నెంత తేడా!

'ఫెలొనీ' యను పదమున భూస్వామ్యవ్యవస్థ యంతయు నిమిడియున్నది. దొరకును ఆశ్రితునకును గల ప్రమాణమును త్రెంచుట దాని పూర్వార్థములలో నొకటి. అట్టి నేరస్థుని ప్రాణముతోపాటు ఆస్తియు పోయెడిది. ఇంగ్లండులో ఆస్తినష్ట నియమము 1870లోను, ఆ నేరవిభాగమే 1967లోను రద్దయినవి. 'అవుట్‌లా' నార్సులు తెచ్చిన పదము. ఇతడు చట్టమును మీఱినవాడు మాత్రమే కాడు, చట్టము రక్షింపనివాడు. పూర్వ మతనిని తోడేలుతో సమానముగా నెంచిరి; ఎవ్వరు చంపినను అడుగువాడు లేడు. మన పల్లెలలోని 'వెలి'కి ఇది దగ్గఱ.

సరిహద్దులలో నుండు మనకు 'బ్లాక్‌మెయిల్' ప్రత్యేకముగా చెప్పదగిన మాట. ఇందలి 'మెయిల్' తపాలా కాదు. స్కాట్లండు భాషలో పన్ను, శిస్తు. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దున దోపిడిమూకల నాయకులు పశువులను తోలుకొని పోకుండుటకై రైతులవద్ద వసూలుచేసిన కప్పమునకు ఆ పేరు. ఉత్తరమండలములలో దానిని తీసికొనుటను, ఇచ్చుటను కూడ 1601లో ఇంగ్లండు శాసనముచే మహాపరాధముగా నొనర్చిరి. రాజు కాపాడజాలనిచోట కాపాడెద నన్నవానికి రైతు కూలి యిచ్చుకొనుట దక్షిణదేశమునను గలదు. కావలి రుసుము లట్టివి. కావలి, కప్పము రెంటికిని నడుమ గీత గీయువాడు ప్రభువే. ఈ కావలివారి ప్రసక్తి మరల వచ్చును.

ఇంతవఱకు చెప్పినవన్నియు ఐరోపాలో పుట్టినవి. ఆంగ్లేయులు ఓడలెక్కి పోయినచోట్ల తమకు లేని మాటలను తెచ్చుకొనిరి. వానిలో ప్రసిద్ధమైనది 'టాబూ'. 1777లో నావికుడు జేమ్స్ కుక్కు పసిఫిక్కు సముద్రమందలి టాంగా దీవులలో నుండగా ఈ మాటను విని తన దినచర్యలో వ్రాసికొనెను. కొన్ని వస్తువులను తినరాదు, కొన్ని చోట్ల కూర్చుండరాదు, కొందఱిని తాకరాదు. కారణ మడిగిన ఆ ఒక్క మాటయే సమాధానము. ఆ యాత్రావృత్తాంతము 1784లో లండనున అచ్చుపడెను. అప్పటికి కుక్కు జీవించిలేడు, 1779లో హవాయి దీవిలో హతుడయ్యెను. న్యూజిలండు మావోరీలు దానిని 'తపు' అందురు. హవాయివారు 'కపు' అందురు. ఆంగ్లేయులు అచ్చటి యుచ్చారణమును మార్చి, ఊనికను చివరి యచ్చునకు జరిపి, కొలదికాలమునకే విశేషణముగాను, నామముగాను, క్రియగాను వాడసాగిరి. అంతకుముం దా భాషకు ఇట్టి మాట లేకుండుట వింతయే.

లేకుండుటకు కారణము కలదు. 'సిన్' అన్నచో దైవము కోపించును. 'క్రైమ్' అన్నచో రాజు దండించును. 'తపు' ఈ రెండును కాదు. అది వస్తువునకు పట్టిన గుణము. పవిత్రమైనదియు దానిని తాకరానిదిగా చేయును; మైలపడినదియు చేయును. దాని నుండి విడివడిన సామాన్యస్థితికి 'నోవ' యని పేరు. తెలుగువారికి దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. మడిగట్టుకొన్న యవ్వను తాకరాదు. మైలలో నున్నవారిని తాకరాదు. నిషేధ మొక్కటియే, హేతువులు రెండు. హవాయిలో స్త్రీపురుషులు కలసి భుజించుట 'కపు'. పందిమాంసము, కొబ్బరికాయ, పెక్కు రకముల అరటిపండ్లు స్త్రీలకు 'కపు'. మీఱినచో మరణదండనమును కలదు. 1819లో ఆ దీవుల యువరాజు లిహోలిహో సింహాసన మెక్కిన కొన్ని మాసములకు విందులో రాణుల పంక్తిని కూర్చుండి భుజించెను. ఆకాశము విఱిగిపడలేదు. ఆ దినముతో ఆ వ్యవస్థ కూలినది. క్రైస్తవ ప్రచారకులు 1820లో అచ్చట దిగునప్పటికి 'కపు' పోయినది. దాని తోబుట్టువైన 'టాబూ' మాత్రము లండనులో స్థిరపడినది. మాట పుట్టినచోట ఆచారము నశించి, ఎరువు తెచ్చుకొన్నచోట మాట బ్రదుకుట చరిత్రలో నొక చమత్కారము.

భారతదేశమునుండి ఆంగ్లమునకు పోయిన పదములలో ఇట్టి చమత్కారము లేదు. వాని వెంట చెఱసాల కలదు. 'లూట్' హిందీమాట, మన లూటీ యదియే. 'డెకాయిటీ' బందిపోటునకు చట్టమిచ్చిన పేరు. అయిదుగురో, అంతకు మించియో కలసి దోచినగాని 1860నాటి శిక్షాస్మృతి దాని నట్లు పిలువదు. 'థగ్' అనునది కప్పిపుచ్చుట యను నర్థముగల సంస్కృతధాతువునుండి పుట్టి, వంచకుడను సామాన్యార్థముతో హిందీలో నుండెడిది. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున కుంపిణీ యధికారులు బాటసారులను ఉరిత్రాటితో చంపి దోచు మూకలకు దీనిని ప్రత్యేకించిరి. విలియం స్లీమన్ అను నధికారి 1836లో ఆ మూకల రహస్యభాషకు నిఘంటువును కలకత్తాలో ప్రకటించెను. అదే సంవత్సరమున వచ్చిన చట్టము, థగ్గుల మూకలో చేరినవాడని ఋజువైన చాలును, వానికి యావజ్జీవము కఠినశిక్ష విధించెను. ఏ హత్య, ఎప్పుడు, ఎవరిని అను ప్రశ్న యక్కఱలేదు. థగ్గన నెవడో ఆ చట్టమున నిర్వచనమును లేదు. నిజాం కొలువులో నుండిన మెడోస్ టైలరు 1839లో ప్రకటించిన నవలవలన ఈ మాట ఇంగ్లండున ఇంటింటికి ప్రాకెను.

బాటలమీద హత్యలు జరిగిన మాట నిజము. అందు సందేహము లేదు. కాని దేశమంతట వ్యాపించిన వంశపారంపర్య నరహంతకుల మతమొకటి యుండెనన్న కథను నేటి చరిత్రకారు లనేకులు నమ్మరు. క్షమాభిక్షకై సాక్షులైన ఖైదీల వాఙ్మూలములమీద ఆ కథ నిలిచినదని వారి వాదము. ఏమైనను మాట మాత్రము చట్టమున పాతుకొన్నది. 1860 శిక్షాస్మృతి 310వ విభాగము థగ్గును నిర్వచించెను. 2024 జూలై 1న క్రొత్త న్యాయసంహిత అమలులోనికి వచ్చువఱకు ఆ నిర్వచన ముండెను. క్రొత్తదానిలో థగ్గు లేడు. 310వ విభాగమున ఇప్పుడు బందిపోటు కూర్చున్నాడు.

మూకలో చేరిక యే నేరమైనపుడు, పుట్టుక నేర మగుటకు అడుగు దూరమే. 1871లో ఉత్తరదేశమున మొదలైన నేరస్థజాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికిని ప్రాకెను. ప్రభుత్వ మొక జాతిని గెజిట్టులో ప్రకటించిన చాలును. వారి పేర్లు నమోదగును; వ్రేలిముద్రలు తీయుదురు; నిర్ణీతవేళలకు హాజరు పలుకవలెను; ఊరు విడుచుటకు చీటి కావలెను. ప్రకటనమును న్యాయస్థానమున ప్రశ్నించుటకు వీలులేదు. సెటిల్‌మెంట్లలో బిడ్డలను తలిదండ్రులనుండి వేఱుచేయుటకును చట్టమున అధికారము కలదు. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున వెలసిన స్టువర్టుపుర మట్టిదే. దాని కొక యాంగ్లాధికారి పేరు పెట్టిరి. అచ్చటివారికి పెట్టిన పేరు మన మెఱిగినదే.

ఎవరు వీరు? తెలుగునాట ఎఱుకలవారు, కన్నడదేశమున కొరచలు, కొరమలు, తమిళనాట కొఱవలు, మహారాష్ట్రమున కైకాడులు. భాష తమిళమునకు దగ్గఱ. చేరిన తెలుగు మాటలు మెండు. వీరిలో పెక్కురు ఎద్దులమీదను గాడిదలమీదను ఉప్పును, ధాన్యమును వేసికొని తీరమునకును మెట్టసీమకును నడుమ తిరిగిన వర్తకులు. గంపలు, చాపలు అల్లినవారు. రైలు వచ్చినది, ఉప్పువర్తకము మాఱినది, అడవిలో వెదురు కొట్టుటకు ఆంక్షలు వచ్చినవి. తిరుగుట మాన లేదు. తిరుగుటకు హేతువు పోయినది. హేతువు లేక తిరుగువాడు పోలీసు కంటికి దొంగయే. అందులో దొంగలు లేరని నే ననను; ఏ జాతిలో లేరు?

మదరాసు ప్రభుత్వము ఈ చట్టమును 1947లో తొలగించెను. తిరుచానూరు వాస్తవ్యులైన మాడభూషి అనంతశయనం అయ్యంగారి యధ్యక్షతను 1949లో కేంద్రము నియమించిన సంఘము దేశమంతట రద్దు చేయుమని చెప్పెను. 1952 ఆగస్టు 31న రద్దయ్యెను. నాటినుండి వీరు 'డీనోటిఫైడు' జాతులు; తెలుగున విముక్తజాతులు. తెలుగుమాట విడుదలను చెప్పుచున్నది. ఆంగ్లమాట మాత్రము, ఒకప్పుడు గెజిట్టులో ప్రకటించితిమి, ఆ ప్రకటనము తీసివేసితిమి అని మాత్రమే చెప్పుచున్నది.

తమిళనాడు ప్రభుత్వమువారి విముక్తజాతుల పట్టికను తెలుగువాడు చదివిన నాశ్చర్యపడును. అందు తెలుగు పేర్లు కోకొల్లలు. నెల్లూరుపేట ఒడ్డరులు, వాయల్పాడు కొరచలు, పెద్ద బోయలు, గొఱ్ఱెల దొడ్డ బోయలు, సేలము ఉప్పు కొఱవలు, కల్లొడ్డరులు. ఉప్పు, గొఱ్ఱె, ఱాయి అను మాటలు వారి పనిపాటలను చెప్పుచున్నవి. దేవగుడి తలారులును అందు కలరు. తలారి యనగా ఊరి కావలివాడు! కావలికిని కప్పమునకును నడుమ ప్రభువు గీసిన గీత ఇచ్చట నెవరిమీదుగా పోయినదో పాఠకులు గ్రహింతురు. ఆ వరుసలోనే దొంగ బోయ, దొంగ దాసరి, దొంగ ఊరు కొరచ అను పేర్లును ఉన్నవి. తెలుగున 'దొంగ' అనునది చోరునకే కాక కపటమునకును చెల్లును. దొంగనిద్ర, దొంగయేడుపు అనునపుడు ఎవ్వరి సొమ్మును పోదు. దొంగ దాసరి యనగా వేషమునకు దాసరియైనవాడని మొదట నెవరో యని యుండవచ్చుననుటకు భాష అడ్డుచెప్పదు. ఆంగ్లలిపిలో వ్రాసికొన్న గుమాస్తాకు ఆ తేడా యక్కఱలేదు. ఇరుగుపొరుగువారి తిట్టు గెజిట్టున కెక్కి సంజ్ఞావాచక మయ్యెను. 'క్రిమెన్' అను లాటిను పదము నడచిన త్రోవయే యిది. ఆరోపణము ముందు వచ్చినది.

నేను పనిచేయు అల్పసంఖ్యాకభాషా పాఠశాల తమిళనాట నున్నది. ప్రవేశముల వేళ ఇట్టి జాతిధ్రువపత్ర మొకటి నా బల్లమీదికి వచ్చినది. ఆఫీసులోని తోటివారు తమిళులు. వారికి ఆ మొదటి మాట వట్టి శబ్దము. పత్రము తెచ్చిన బాలుని ఇంట తెలుగు మాటలాడుదురు. వాడు దానిని నాలుగు మడతలు పెట్టి, ఆ పంక్తి లోపలికి పోవునట్లు పట్టుకొని నిలుచుండెను. ఆ గదిలో ఆ మాట యర్థము తెలిసినవారము వాడును నేనును ఇద్దఱమే. పట్టిక యందలి పేరును అక్షరము పొల్లుపోకుండ నమోదు పుస్తకమున నెక్కింపవలెను. పత్రమునకును పుస్తకమునకును భేదమున్నచో విద్యార్థివేతనము నిలిచిపోవును. కావున ఉన్న దున్నట్లు వ్రాసితిని. వేతనము ఆ సంవత్సరమే మంజూరైనది. వాడిప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు.